చెప్పు చూసిన నర్సమ్మ

సిరికొండ దిక్కు ఒక ఊళ్ళో పసుపు కల్లాల మీద బతికే పెద్దయ్య ఒకాయన ఉండేవాడు. సొంత చెలక కొంచెమే. సంక్రాంతి దాటి పసుపు తవ్వకాలు మొదలయ్యాయంటే ఇక ఆయనకు తీరిక ఉండదు. తవ్విన దుంపలు ఏరాలి, ఉడకబెట్టాలి, కల్లంలో పరిచి రోజుకు రెండుసార్లు తిరగేయాలి. ఎండిన కొమ్ము డ్రమ్ములో తిరిగి, మెరుగు తేలి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు బండెక్కేదాకా ఆయన కాళ్ళ మీదే ఉంటాడు. చక్కెర జబ్బు వచ్చి చాలా ఏళ్ళయింది. గోలీలు ఉన్నప్పుడు వేసుకుంటాడు, లేనప్పుడు మానేస్తాడు.

ఒకనాడు పొద్దున కోడలు వాకిలి ఊడుస్తూ గడప దగ్గర నెత్తుటి మరక చూసింది. మరక వెంట పోతే అది మామ పాదం దగ్గర ఆగింది. బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, రూపాయి బిళ్ళంత పుండు. ఎప్పుడు తగిలిందో, ఏం తగిలిందో ఆయనకే తెలియదు.

"నొస్తలేదు గదా బిడ్డా, ఏం గాదు" అని పసుపు, నూనె కలిపి అద్ది, పాతగుడ్డ చుట్టి, మళ్ళీ కల్లానికి పోయాడు.

పదిహేను రోజులకు వాసన మొదలైంది. అప్పుడు పల్లె దవాఖానకు తీసుకుపోయారు.

అక్కడి నర్సమ్మ చిన్న వయసుది. పని ఎగ్గొట్టే మనిషి కాదు. రోజూ పుండు మీద నురగొచ్చే మందు పోసి కడిగేది, గోధుమరంగు మందు రాసేది, పొడి చల్లేది, తెల్లటి గుడ్డతో కట్టు కట్టేది. ఆ కట్టు ఎంత పొందికగా ఉండేదంటే, కల్లం మీద అందరూ పెద్దయ్య కాలు చూసి మెచ్చుకునేవాళ్ళు. నెల గడిచింది. రెండో నెలా గడిచింది. కట్టు రోజూ కొత్తదే. కింద పుండు మాత్రం పాతదే.

దవాఖానలో ట్యాబ్ ఉంది, దాంట్లోంచి పట్నం డాక్టర్లతో మాట్లాడొచ్చు. నర్సమ్మ పుండు ఫోటో తీసి పంపింది. అవతలి డాక్టరు గోలీలు రాశాడు. వాపు కొంచెం తగ్గింది, పుండు మానలేదు. ఇంకో ఫోటో పంపింది. ఇంకో డాక్టరు వేరే గోలీలు రాశాడు. పుండు అట్లాగే ఉంది.

మూడోసారి అవతల తెర మీదికి ఒక పెద్ద నర్సు వచ్చింది. సర్జరీ వార్డులో పుండ్లు కడుగుతూ తల నెరిసిన మనిషి. ఆమె ఫోటోను ఒక క్షణం చూసి పక్కన పెట్టింది.

"ఎంత లోతున్నది బిడ్డా?"

"ఫోటో పంపిన గదా మేడమ్."

"ఫోటోల ఎడల్పు కనబడ్తది, లోతు కనబడదు. అంచు మెత్తగున్నదా, గట్టిగున్నదా? అంచు కిందికెళ్ళి లోపలికి సందు పోయిందా? పాదం మీద నాడి కొట్టుకుంటున్నదా? ముట్టితే ఆయనకు తెలుస్తున్నదా? దవాఖానకు ఎట్ల వస్తడు, నడిచా, బండి మీదా?"

నర్సమ్మ దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. ముఖం ఎర్రబడింది. రెండు నెలలుగా రోజూ ఆ కాలు చేతుల్లో పట్టుకున్న మనిషి ఆమె.

"నీకు తెల్వంది నాకు ఈడికెళ్ళి ఎట్ల తెలుస్తది?" అంది పెద్దావిడ. ఆ మాట అనేశాక గొంతు తగ్గించింది. "కోపం చేసుకోకు. వచ్చే సోమవారం రా. ఒక వారం నా పక్కన నిలబడు."

వారం పాటు దవాఖాన ఎవరు చూస్తారన్నది పెద్ద ప్రశ్నే అయింది. పక్క ఊరి ఏఎన్ఎం ఒప్పుకుంది కాబట్టి సెలవు దొరికింది, నర్సమ్మ పోయింది.

మొదటి రోజు ఆమెను దేన్నీ ముట్టుకోనియ్యలేదు. చూడమన్నారు, చూసింది చెప్పమన్నారు, అంతే. "పుండు బాగలేదు" అంటే పెద్దావిడ ఒప్పుకోలేదు. ఏ రంగు, ఎంత భాగం, తడి ఎంత, వాసన ఎట్లాంటిది, చుట్టూ చర్మం వేడిగా ఉందా అని ఒక్కొక్కటే చెప్పించింది. రెండో రోజు పాదం మీద వేళ్ళుంచి నాడి వెతకడం నేర్పింది. అది ఒకరికి వెంటనే దొరుకుతుంది, ఇంకొకరికి ఎంత వెతికినా దొరకదు. దొరకకపోవడం కూడా ఒక సమాచారమేనని అక్కడ తెలిసింది. శుభ్రమైన సన్నని పుల్లతో లోతు కొలవడం, కొనకు గట్టిగా ఎముక తగిలితే వెంటనే పైకి పంపడం నేర్చుకుంది. నురగొచ్చే మందు క్రిములతో పాటు కొత్తగా పుట్టే కండను కూడా దెబ్బతీస్తుందని, శుభ్రమైన పుండుకు సెలైన్ నీళ్ళు చాలని విన్నప్పుడు ఆమెకు తన దవాఖాన అల్మారా గుర్తొచ్చింది. పుండు చుట్టూ పేరుకున్న ఆనెకాయను బ్లేడుతో పొరపొరగా తీసే రోజున చెయ్యి వణికింది. పెద్దావిడ మణికట్టు పట్టుకుంది. నాలుగైదు పొరలయ్యాక, చెప్పకుండానే వదిలేసింది.

తిరిగొచ్చిన నాడు పెద్దయ్య ఎప్పట్లాగే బెంచీ మీద కూర్చుని కాలు చాపాడు. నర్సమ్మ సీసాలకు చెయ్యి చాపలేదు. "పెద్దయ్యా, జర కండ్లు మూసుకో. నేను ముట్టినప్పుడు చెప్పు" అంది. ఒక్కో వేలి కొసనూ మెల్లగా తాకుతూ పోయింది. రెండు కాళ్ళూ అయిపోయాయి. పెద్దయ్య కండ్లు మూసుకునే ఉన్నాడు.

"ఇంక ఎప్పుడు ముట్టుతవ్ బిడ్డా?" అన్నాడు.

పాదం మీద నాడి బాగానే ఉంది. పుల్లకు ఎముక తగల్లేదు. అంచు చుట్టూ ఆనె గట్టిపడి ఉంది. ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాక లేచి, "నీ చెప్పులేవి?" అని అడిగింది. గడప బయట ఉన్నాయి. కుడికాలి చెప్పులో చెయ్యి పెట్టి వేలితో తడిమింది. తెగిన పట్టీని ఎప్పుడో కుట్టించి, కొట్టించిన చిన్న శీల మొన లోపలికి పొడుచుకొచ్చి ఉంది. సరిగ్గా బొటనవేలి మొదట్లో. రెండు నెలలుగా ఆమె పొద్దున కట్టు కట్టేది, ఆయన ఆ శీల మీద నడిచి కల్లానికి పోయేవాడు.

ఆ సాయంత్రం పట్నం నుంచి పెద్దావిడ తెర మీదికి వచ్చేసరికి నర్సమ్మ చూసినవన్నీ వరసగా చెప్పింది. పెద్దావిడ అంతా విని, ఒక్కటే అడిగింది.

"రేపటి సంది ఆయన కాలు కింద పెట్టొద్దంటవ్. మరి ఇంట్ల పొయ్యి ఎట్ల ఎలుగుతది?"

అది నర్సమ్మకు తట్టలేదు. మర్నాడు కల్లం యజమాని దగ్గరికి పోయింది. పెద్దయ్యను నీడలో కూర్చోబెట్టి కొమ్ములు, మండలు వేరు చేసే పని ఇమ్మని అడిగింది. కూలి కొంచెం తగ్గించాడు, పని మాత్రం ఇచ్చాడు. మెత్తటి రబ్బరు చెప్పులు పట్నం నుంచి వచ్చాయి. పుండు ఉన్నచోట బరువు పడకుండా మెత్త ఎట్లా కోసి అతికించాలో తెర మీద చూపిస్తే, నర్సమ్మ అతికించింది.

ప్రతి బుధవారం పిలుపు. ప్రతి బుధవారం కొలత. నాలుగో వారానికి పుండు సగానికంటే చిన్నదైంది. కల్లాలు ఖాళీ అయి డ్రమ్ముల చప్పుడు ఆగేనాటికి చర్మం మూసుకుంది. అప్పటికి నర్సమ్మ ప్రశ్నలు రాకముందే జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. ఒక బుధవారం పెద్దావిడ నవ్వి, "అన్నీ నువ్వే చెప్తున్నవ్. ఇగ నాతోని ఏం పని?" అంది.

"మీరు వింటరని తెలిస్తే నేను సక్కగ చూస్తున్న మేడమ్."

మరుసటేడు ఇదే కాలంలో ఒక పెద్దమ్మను తెచ్చారు. కాలి వేలు నల్లబడింది, పాదం చల్లగా ఉంది, నాడి ఎంత వెతికినా దొరకలేదు. నర్సమ్మ ఆ వేలును కోయలేదు, కడగలేదు. పొడి గుడ్డ వదులుగా చుట్టి 108కి ఫోన్ చేసింది. కొడుకులకు కోపమొచ్చింది. "మా పాలోళ్ళ తాత కాలు నువ్వే మాన్పినవ్. మా అవ్వది ఎందుకు ముట్టవు?"

"ఆయన కాలుకు నెత్తురు అందుతుండె. ఈమెకు అందుతలేదు. ఇది నా చేతుల పని గాదు. ఇయ్యాల్నే పోవాలె."

అదే రోజు పోయారు. వేలు పోయింది, కాలు దక్కింది.

నీతి

దూరాన ఉన్న నిపుణులకు పుండు కనబడేది దగ్గరున్న నర్సు చేతుల్లోంచే. ఆ చేతులకు ముందు శిక్షణ ఇవ్వాలి, ఆ తర్వాత వాటిని ఒంటరిగా వదలకూడదు. ఈ రెండింట్లో ఏది లేకపోయినా రెండోది దండగ.

పెద్దయ్య, నర్సమ్మ కల్పితం. వాళ్ళ చుట్టూ ఉన్న విషయం కల్పితం కాదు. నొప్పి తెలియని పాదం సంగతి నిజామాబాద్ జిల్లాకు కొత్త కూడా కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం విక్టోరియా ఆసుపత్రిని నిలబెట్టారు. స్థానిక దాత నర్సా గౌడ్ అందుకు డబ్బు సాయం చేశాడు. కుష్ఠులో వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో లోకం నమ్మేది. 1946లో వెల్లూరు సీఎంసీకి వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఆ నమ్మకాన్ని తిరగేశాడు. నరాలు మొద్దుబారి నొప్పి తెలియక, తగిలిన దెబ్బ మీదే మళ్ళీ మళ్ళీ నడవడం వల్ల పుండ్లు పడుతున్నాయని, పాదానికి విశ్రాంతి ఇస్తే అవి మానుతాయని చూపించాడు. ఆ పాఠం నుంచే మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు మన కుష్ఠు నివారణ కార్యక్రమంలో భాగమయ్యాయి. ఇప్పుడు చక్కెర జబ్బు అదే పని ఇంకా ఎక్కువమంది పాదాలకు చేస్తోంది. కుష్ఠు రోగికి ఇచ్చే ఆ చెప్పు చక్కెర రోగి పాదానికి కూడా ప్రతి మండలంలో అందాలని నేను గట్టిగా కోరుకుంటాను. కథలో పెద్దయ్యకు పట్టిన రెండు నెలల్లో చాలా భాగం ఆ ఒక్కటీ లేక పోయిందే.

పసుపు గురించి కూడా చెప్పాలి. ఈ నేలలో పుట్టిన మందును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పుండుకు పసుపు వాడకం మీద 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇస్తే, మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, 1953 నాటి భారతీయ వైద్య పత్రిక వ్యాసం సాక్ష్యంగా పెట్టి పోరాడింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. అది గెలవాల్సిన పోరాటమే. అయితే అరికాలిలో లోతుగా దిగిన పుండు మీద పొడి మెత్తితే అది గట్టిపడి లోపల ఏం జరుగుతుందో కనబడనియ్యదు. నర్సు పెద్దయ్యను తిట్టకుండా ఈ సంగతి చెప్పగలగాలి. తిట్టిన మరుసటి రోజు నుంచి రోగి దవాఖాన గడప తొక్కడు, పసుపు పెట్టుకోవడం మాత్రం మానడు.

పుండును ఎండబెట్టాలన్నది మనలో చాలామందికి, చదువుకున్న వాళ్ళకు కూడా, ఉన్న ఇంకో నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మంపై చేసిన ప్రయోగంలో గాలికి ఎండిన గాయం కంటే తేమ నిలిచేలా కప్పిన గాయం మీద కొత్త చర్మం త్వరగా పరుచుకుంది. ఇన్నేళ్ళయినా పొడి చల్లే అలవాటు పోలేదంటే, నర్సింగ్ చదువు పూర్తయ్యాక మళ్ళీ ఎవరూ ఆ నర్సు పక్కన నిలబడి చేయించకపోవడమే కారణమని నా అభిప్రాయం. సర్క్యులర్ పంపితే ఈ అలవాటు మారదు. వార్డులో ఒక మనిషి మణికట్టు పట్టుకుని చూపిస్తే మారుతుంది.

ఇక తెర సంగతి. దూరవైద్య సేవ అయిన ఈ-సంజీవని 2019 నవంబర్‌లో మొదలైంది. కోవిడ్ కాలంలో జనం ఇంటి నుంచే డాక్టరును చూసే ఏర్పాటు కూడా దానికి తోడైంది. పల్లె ఆరోగ్య కేంద్రాన్ని పెద్దాసుపత్రితో కలిపే ఆ దారి చాలా విలువైనది. జ్వరానికి, బీపీకి అది సూటిగా పనికొస్తుంది. పుండుకు మాత్రం ఇవతల చేతి పని కావాలి. డెన్మార్క్‌లో చక్కెర జబ్బు పాదాల పుండ్లున్నవాళ్ళపై చేసిన పరీక్ష 2015లో వెలువడింది. ఇంటికి వచ్చే నర్సు, దూరాన ఉన్న నిపుణుడు కలిసి చూసినవాళ్ళకూ, ఆసుపత్రికి వచ్చినవాళ్ళకూ పుండు మానడంలో, కాలు తీసేయాల్సి రావడంలో పెద్ద తేడా కనబడలేదు. కానీ దూరవైద్యం అందుకున్న వాళ్ళలో మరణాలు ఎక్కువ కనిపించాయి, దానికి కారణం తేలలేదు. నార్వే పశ్చిమ ప్రాంతంలో 182 మందిపై జరిగిన పరీక్ష 2018లో వచ్చింది. అక్కడ మానడానికి పట్టిన కాలం ఆసుపత్రి వైద్యానికి తీసిపోలేదు, కాలో వేళ్ళో తీసేయాల్సి రావడం తక్కువ. తెర రెండు దేశాల్లోనూ ఉంది, ఫలితాలు మాత్రం ఒక్కలా లేవు. కాబట్టి ట్యాబులు పంచి పని అయిపోయిందనుకోకూడదు, ట్యాబులు వద్దనీ అనకూడదు. తెరకు ఇవతల ఉన్న మనిషికి ఏం వచ్చు అన్నది మొదట అడగాలి.

పెద్దావిడ బుధవారాల పద్ధతికి లోకంలో ఒక పేరున్న నమూనా ఉంది. అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ఎకో అనే ఏర్పాటు మొదలుపెట్టాడు. హెపటైటిస్ సి రోగులు నిపుణుడి కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. ఆయన రోగులను రప్పించకుండా, పల్లె వైద్య సిబ్బందిని వారం వారం తెర ముందు కూర్చోబెట్టి, వాళ్ళ రోగుల గురించి వాళ్ళతోనే చెప్పించాడు. 2011లో వచ్చిన అధ్యయనంలో పల్లెల్లోనూ జైళ్ళలోనూ వాళ్ళు చేసిన వైద్యం విశ్వవిద్యాలయ ఆసుపత్రి వైద్యానికి సమానంగా ఫలించింది. మన పక్కనే నాగపూర్‌లో డాక్టర్ శరద్ పెండ్సే, విదేశీ సహచరులతో కలిసి, చక్కెర జబ్బు పాదాల కోసం 'స్టెప్ బై స్టెప్' అనే శిక్షణ నడిపాడు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఒక్కో ఆసుపత్రి నుంచి డాక్టరునూ నర్సునూ జంటగా పిలిచారు, కొంతకాలం తర్వాత మళ్ళీ పిలిచారు. ఒక్కరికే నేర్పితే ఆ ఒక్కరు తిరిగి పోయి ఎవరితో మాట్లాడాలి? నేర్చుకున్న నర్సు సెలైన్ చాలంటే, పక్కనున్న డాక్టరు పాత మందే రాస్తే, ఆమె చదువు అల్మారాలో పడి ఉంటుంది.

మన దగ్గర ఇంకో చిక్కు బదిలీ. ఇన్ని తంటాలు పడి నేర్చుకున్న నర్సమ్మ మరుసటేడు ఇంకో మండలానికి పోతే సిరికొండ మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే శిక్షణ మనిషికి ఇస్తే చాలదు, దవాఖానకు ఇవ్వాలి. నర్సు, ఏఎన్ఎం, ఆశా ముగ్గురికీ వాళ్ళ వాళ్ళ పని మేరకు నేర్పాలి. ఆశా కార్యకర్తకు బ్లేడు అక్కర్లేదు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో రూపొందిన వేలి పరీక్ష చాలు. రోగి కండ్లు మూసుకున్నాక ఒక్కో పాదానికి బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు, మొత్తం ఆరు వేళ్ళ కొసలను చూపుడువేలితో ఒకటి రెండు క్షణాలు మెల్లగా తాకాలి. నొక్కకూడదు, రుద్దకూడదు. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే ఆ పాదాలకు కాపలా పోయినట్టే. ఆ మనిషి చెప్పులు రోజూ తడిమి చూడాలని, పాదం అడుగు రోజూ చూడాలని ఇంట్లో వాళ్ళకు చెప్పాలి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. బీడీలు చుట్టే ఇళ్ళ అరుగుల మీద, కొడుకులు గల్ఫ్‌కు పోయి ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఇళ్ళల్లో, ఆశా ఎట్లాగూ పోతూనే ఉంటుంది.

నర్సుకు మాత్రం సామాను కావాలి. సెలైన్ సీసాలు, గాజ్ గుడ్డ, శుభ్రం చేసిన కొలత పుల్లలు, ఆనె తీసే బ్లేడు, స్పర్శ చూసే పది గ్రాముల నైలాన్ దారం, కాగితపు కొలబద్ద. వీటికి తోడు ఒక వార్డు వారం, ఆ తర్వాత వారానికి ఒక గంట తెర. నాలుగు వారాల్లో పుండు సగానికి తగ్గకపోతే కారణం మళ్ళీ వెతకాలన్నది పాదాల వైద్యులు వాడే గుర్తు. ఆ గుర్తును దవాఖాన రిజిస్టరులో ఒక గడిగా పెట్టిస్తే, రెండు నెలలు ఒకే కట్టు కట్టుకుంటూ పోయే పరిస్థితి మొదటి నెలాఖరులోనే బయటపడుతుంది. పైకి పంపాల్సినవి కూడా గోడ మీద రాసి ఉండాలి. నాడి దొరకని చల్లని పాదం, నల్లబడిన వేలు, ఎముక తగిలే పుండు, జ్వరంతో పాకుతున్న ఎరుపు. ఇవి కనబడితే ఆ రోజే పోవాలి.

సిరికొండ, భీంగల్, ఆర్మూర్ వైపు పసుపు తవ్వకాలు జనవరిలో ఊపందుకుంటాయి. ఉడకబెట్టే చోట కాలిన గాయాలు, తవ్వే చోట తెగిన గాయాలు, కల్లం మీద తెలియకుండా పడే పుండ్లు అప్పటి నుంచి కల్లాలు ముగిసేదాకా వస్తూనే ఉంటాయి. నర్సులను వార్డుకు పిలవాల్సింది దానికంటే ముందు, నవంబర్, డిసెంబర్‌లలో. వాళ్ళు పోయిన వారం దవాఖానలో ఎవరు కూర్చుంటారో అక్టోబర్‌లోనే నిర్ణయించి ఉత్తర్వు ఇవ్వాలి.